పంపు ఇంట్లోనే మార్చుకోవచ్చా? మా ఇంటి మాట

మొన్న ఆదివారం పొద్దున మా మేనల్లుడు టెక్సాస్ నించి ఫోను చేశాడు. వాడి దగ్గర 2004 మోడల్ బిఎండబ్ల్యూ ఉంది, ఇ46 అంటారే, ఆ బండి. ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. రెండు వారాలుగా అది స్టార్ట్ కావడం లేదు.

"మామా, ఫ్యూయెల్ పంపు పోయిందంటున్నారు. గ్యారేజీ వాళ్ళు అడిగేది వింటే బండి ధరలో సగం అయ్యేట్టుంది. ఇంట్లోనే మార్చుకుందామనుకుంటున్నా. చెయ్యమంటారా?" అన్నాడు.

ఫోను స్పీకర్‌లో ఉంది. పడసాలలో అందరం కూర్చోని ఉన్నాం. నాయన వెంటనే, "వద్దప్పా. తెలిసినోడి చేతికియ్యి. డబ్బు పోతే పోనీ" అన్నాడు. చిన్నాయన నవ్వి, "చెయ్‌రా, ఏముండాది దాంట్లో, రెండు పైపులు, రెండు వైర్లు" అన్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోని ఊరకైనారు. ఎందుకంటే మా ఇంట్లో పంపు కథ ఇద్దరికీ గుర్తుంది.

వాడికి ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మాలాగా ఊరు వదిలి, లేదా మా ఊరిలాగా రాష్ట్రం అవతల స్థిరపడి, పాత బండి ఒకటి ఇంటి మనిషిలా పెట్టుకున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళకీ పనికొస్తుందేమో. మా మాట ముందే చెప్పేస్తాం: ఇంట్లో మార్చుకోవచ్చు. కానీ మూడు షరతులు. ఆ మూడిట్లో ఒక్కటి తప్పినా నాయన మాటే వినండి.

ముందు మా బండి సంగతి. నాగరగెరె గౌరీబిదనూరు తాలూకాలో ఒక హోబళి. ఊరు దాటి కొంచెం పోతే ఆంధ్ర, హిందూపురం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, గ్యారేజీకి పోతే దక్కనీ ఉర్దూ. మొక్కజొన్న, రేష్మె పురుగులు, బోర్లు, ట్రాక్టర్లు, ఇదీ మా బతుకు. అట్లాంటి ఇంటికి నాయన 2006లో ఒక బెంజి కారు తెచ్చాడు. మెర్సిడెస్ ఇ 220, 1990ల నాటిది. ఆ కంపెనీ మన దేశంలో మొట్టమొదట తయారుచేసిన రకం అదే, 1995లో పుణెలో మొదలైంది. బెంగళూరులో ఒకాయన అమ్ముతుంటే నాయన కొన్నాడు. ఊళ్ళో కొందరు నవ్వారు. "ట్రాక్టర్ కొనాల్సినోడు బెంజి కొన్నాడు" అన్నారు. అయినా తర్వాత పదేళ్ళు ఊళ్ళో పెళ్ళికొడుకులు చాలామంది ఊరేగింది ఆ బండిలోనే.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. బండి షెడ్డులో నిలబడిపోయింది. ట్యాంకులో పావు వంతు పెట్రోలు ఉంది. ఏడాది పైగా ఎవరూ తాళం తిప్పలేదు. తిప్పిన రోజు సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజను పట్టలేదు. ఊళ్ళో దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. ట్రక్కు మీద ఎక్కించి బెంగళూరు పంపించాం. పంపు పోయిందన్నారు, కొత్తది వేశారు, బిల్లు కట్టాం. నాలుగు నెలలకి మళ్ళీ అదే కథ. ఈసారి చిన్నాయన, "మళ్ళా ట్రక్కు ఎందుకు, నేను చూస్తా" అన్నాడు. అట్లా మొదలైంది.

మొదటి షరతు: పంపు ఎందుకు పోయిందో తెలిసేదాకా కొత్త పంపు కొనొద్దు.

బండి స్టార్ట్ కాకపోతే చాలామంది తేల్చేసేది "పంపు" అని. నిజానికి పంపు వరసలో చివరిది. తాళం ఆన్ చెయ్యగానే, సెల్ఫ్ కొట్టకముందే, వెనక వైపు నించి ఒకటి రెండు సెకన్లు సన్నగా జుయ్యిమని శబ్దం రావాలి. అది పంపు ప్రెషర్ కట్టుకోవడం. ఇంజను తిరగకపోతే రిలే దాన్ని ఆపేస్తుంది, యాక్సిడెంట్ అయినప్పుడు పెట్రోలు కారుతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. ఆ శబ్దం రాలేదంటే ముందు ఫ్యూజు చూడండి. తర్వాత రిలే. పాత రిలేలలో లోపల సోల్డరు పగుళ్ళు పడతాయి, చల్లగా ఉంటే పని చేస్తాయి, వేడెక్కితే మానేస్తాయి. ఆ తర్వాత మల్టీమీటరు పెట్టి పంపు దగ్గరకి 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్తు సరిగా ఉందా చూడండి. కరెంటు వస్తోంది, ఎర్తు బాగుంది, అయినా పంపు తిరగడం లేదు, అప్పుడు మాత్రమే అది పంపు తప్పు.

శబ్దం వస్తోంది గానీ బండి పట్టడం లేదు, లేదా ఎత్తు ఎక్కేటప్పుడు పట్టు వదులుతోంది అంటే ప్రెషర్ గేజి పెట్టి చూడాలి. మా బండికి ఇంజను దగ్గర 3 నించి 4 బార్ దాకా ప్రెషర్ కావాలి. కార్బురేటర్ ఉన్న పాత అంబాసిడర్, పద్మిని బండ్లకి పావు బార్ ఉంటే చాలు. అందుకే ఆ బండ్ల మెకానిక్ పంపు మీద తడిగుడ్డ వేసి బండి నడిపించేసేవాడు. ఆ కిటుకులు వీటికి పనికిరావు. ప్రెషర్ తక్కువుంటే పంపు అరిగి ఉండొచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, రెగ్యులేటరు పోయి ఉండొచ్చు. ఫిల్టరు ధర పంపు ధరలో చిన్న ముక్క. ముందు అది మార్చి చూడడానికి ఏం నష్టం?

మా ఇంట్లో తేలింది ఏమంటే, ట్యాంకు అడుగున పెట్రోలు బయటికొచ్చే చోట ఒక జల్లెడ ఉంటుంది. చిన్నాయన దాన్ని విప్పితే తుప్పు పొడి, జిగురు కలిసి అట్టలాగా కట్టి ఉంది. ఏడాది పైగా నిలవున్న పెట్రోలు జిగురవుతుంది. ఖాళీ ట్యాంకులో గాలి చెమ్మకి తుప్పు పడుతుంది. మొదటి పంపుని చంపింది అదే, రెండోదాన్ని చంపిందీ అదే. బెంగళూరులో జల్లెడ తీసి చూసి ఉంటే రెండో పంపు మిగిలేది. వాళ్ళని తప్పు పట్టడం లేదు. "పంపు పోయింది, మార్చండి" అని బండి దించింది మేమే. ఎందుకు పోయింది అని అడగలేదు.

ఇప్పుడు ఇంకో విషయం కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే ప్రధాని ఇ20 పెట్రోలు మొదలుపెట్టారు. అంటే నూటికి 20 పాళ్ళు ఇథనాల్. ఇప్పుడు మా దగ్గర బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన మురికిని కదిలిస్తుంది. 1990ల నాటి రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకోని చేసినవి కావు. పాత బండికి పంపు మార్చే ప్రతి ఇల్లూ ఫిల్టరు, రబ్బరు పైపులు, క్లిప్పులు కూడా కలిపే మార్చాలని మా అభిప్రాయం. ఒక్క పంపు మార్చి చేతులు దులుపుకుంటే పని సగమే అయినట్టు.

రెండో షరతు: పెట్రోలుని డీజిలు అనుకోవద్దు.

ఇది మా ప్రాంతం వాళ్ళకి మరీ ముఖ్యం. మా చేతులకి పని నేర్పింది డీజిలు. బోరుకి పెట్టిన ఆయిల్ ఇంజను, తర్వాత ట్రాక్టర్. బెంగళూరులో మైకో కంపెనీ డీజిల్ పంపులు చేసేది. 1951లో మొదలైన ఆ కంపెనీకే ఇప్పుడు బాష్ అని పేరు. మా చిన్నప్పుడు "మైకోలో పని" అంటే పిల్లనిచ్చేవాళ్ళు. ఊళ్ళో ఎవరింట్లో చూసినా డీజిల్ పైపు నోటితో పీల్చి గాలి తీసే మనిషి ఒకడుండేవాడు, ఇంకో చేతిలో బీడీ ఉండేది. అయినా ఏమీ కాలేదు. కారణం వాడి అదృష్టం కాదు, డీజిలు గుణం. డీజిలు ఆవిరి అంటుకోవాలంటే మన ప్రమాణాల ప్రకారం కనీసం 35 డిగ్రీల వేడి ఉండాలి. పెట్రోలుకి అది సున్నాకి కింద సుమారు 40 డిగ్రీలు. అంటే మన వాతావరణంలో పెట్రోలు ఎప్పుడూ ఆవిరి వదులుతూనే ఉంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర నించి ఏడున్నర పాళ్ళ దాకా ఆ ఆవిరి కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నీళ్ళలాగా నేలమీద పాకి పల్లానికి చేరుతుంది.

ఆ రోజు మా ఇంట్లో జరిగింది ఇదే. ఈ రకం బెంజిలో ట్యాంకు వెనక సీటు వెనకాల, ఎత్తులో ఉంటుంది. పంపు, ఫిల్టరు బండి కింద, వెనక కుడి చక్రానికి కాస్త ముందు ఉంటాయి. చిన్నాయన బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, కిందికి దూరి, పంపుకి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు వదులు చేశాడు. పైపుని ముందు నొక్కి బిగించాలని తట్టలేదు. ట్యాంకులో దాదాపు సగం ఉంది. ఆ ట్యాంకు మొత్తం పట్టేది సుమారు 70 లీటర్లు. పంపు పని చెయ్యకపోయినా ఎత్తు నించి పల్లానికి పెట్రోలు దానంతటది వస్తుంది కదా. చెయ్యి తడిసింది, చొక్కా తడిసింది, నేల తడిసింది. షెడ్డు నేల వాలు పెరటి వైపు. పెరట్లో స్నానాల నీళ్ళ హండా కింద పొయ్యి మండుతోంది, పదిహేను అడుగులు కూడా లేదు.

వాసన ముందు పట్టింది మా అవ్వ. "ఏంరా, ఇల్లు కాలబెడతారా?" అని అరిచి, చేతిలో ఉన్న బిందెడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించింది. కొరకాసులు లాగి ఆర్పింది. ఎవరూ లైటు స్విచ్ ముట్టుకోకుండా అందరినీ వీధి వైపు తోలింది. ఆమెకి ఫ్లాష్ పాయింటు అంటే ఏమిటో తెలీదు. దీపం దగ్గర కిరోసిన్ పోసుకునే కాలం నించి వచ్చిన మనిషి, వాసనకి భయపడడం తెలుసు. చిన్నాయన పైపు వేలుతో మూసి, మేము క్లిప్పు తెచ్చిచ్చేదాకా అట్లే పడుకోనున్నాడు. ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆ పదిహేను అడుగులు తలుచుకుంటే మాకు చెమట పడుతుంది. అవ్వ పోయిన ఏడాది కాలం చేసింది. ఈ మాటలు రాసి పెట్టాలనిపించడానికి అదీ ఒక కారణం.

అందుకే మేనల్లుడూ, నీకు చెప్పేది. మీ దేశంలో కట్టెల పొయ్యి లేదని ధీమా పడొద్దు. చాలా ఇళ్ళలో కారు గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాంట్లో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండొచ్చు. గ్యారేజీలో మంట పుట్టే భాగం నేల నించి 18 అంగుళాల ఎత్తులో ఉండాలని అక్కడి కట్టడాల నిబంధనలు చెప్పేది ఎందుకు? ఆవిరి నేలమీద పాకుతుందనే. అవ్వ పొయ్యి, నీ వాటర్ హీటర్ రెండూ ఒకటే. బండిని గ్యారేజీలో విప్పొద్దు. తోసుకోని బయటికి, గాలి ఆడే చోటికి తెచ్చుకో. మన ఊళ్ళో ఉన్నవాళ్ళు సర్వీసు గుంతలో దిగి ఈ పని చెయ్యొద్దు. ఆయిల్ మార్చడానికి గుంత మంచిదే, పెట్రోలు పనికి అది ఆవిరి నిండే బావి.

ట్యాంకులో పెట్రోలు ఎంత తక్కువుంటే అంత మంచిది. తీసిన పెట్రోలు మూత బిగించే సరైన క్యానులోకే, బకెట్లోకి కాదు. మన చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోగలిగేది 30 లీటర్ల లోపే, అదీ అమ్మకానికి కాదు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసెయ్. నీ బండిలో పంపు ట్యాంకు లోపల, వెనక సీటు కింద కుడి వైపు మూత కింద ఉంటుంది. తలుపు తెరిస్తే వెలిగే లోపలి లైటు కూడా నిప్పురవ్వే. వెలుతురు కోసం ఫోను పట్టుకోని ట్యాంకు మీద వంగొద్దు, పగటి పూట చెయ్యి. లైన్లో ప్రెషర్ మిగిలి ఉంటుంది. మామూలుగా ఫ్యూజు తీసి ఇంజను ఆగేదాకా నడిపి దించుతారు. పంపు చచ్చిన బండిలో అది కుదరదు. గుడ్డ చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకోని, మెల్లగా వదులు చెయ్యి. పక్కన పౌడర్ అగ్నిమాపకం సిలిండరు ఉండాలి. పొయ్యికి నీళ్ళు సరే, మండే పెట్రోలు మీద నీళ్ళు పోస్తే మంట ఇంకా పాకుతుంది.

అప్పుడు మాత్రం చిన్నాయన అన్నది నిజం: రెండు పైపులు, రెండు వైర్లు. మా బండిలో అయితే పైపుల జాయింట్లకి కొత్త రాగి వాషర్లు వెయ్యాలి, పాతవి మళ్ళీ బిగిస్తే కారుతాయి. పంపు మీద ప్లస్, మైనస్ గుర్తులు చూసి వైర్లు కలపాలి. నీ బండిలో ట్యాంకు మూత కింది రబ్బరు రింగు కొత్తది వెయ్యాలి. నీ ట్యాంకు మధ్యలో షాఫ్టు పోయే చోటు వదిలి రెండు గుండిగల్లాగా ఉంటుంది, ఎడమ వైపు కూడా ఒక పైపు ఉంది, అది లాగి తెంపొద్దు. ట్యాంకు లోపల రబ్బరు పైపు ముక్క వెయ్యాల్సి వస్తే పెట్రోల్లో మునిగి ఉండడానికే చేసిన రకం అడుగు, 30ఆర్10 అని రాసి ఉంటుంది. మామూలు పైపు లోపల ఉబ్బి చీలుతుంది. ఆ చిన్న ముక్క వల్ల పంపు మళ్ళీ తియ్యాల్సి వస్తుంది.

మూడో షరతు: ఒంటరిగా చెయ్యొద్దు, ఆపడం తెలుసుకో.

పక్కన ఇంకో మనిషి ఉండాలి. పానాలు అందించడానికి కాదు, వాసన పట్టడానికి, పరిగెత్తడానికి. పని చేసే మనిషి ముక్కు అయిదు నిమిషాల్లో మొద్దుబారుతుంది. నట్టు తుప్పు పట్టి కదలకపోతే వేడి చేద్దాం, గ్రైండర్ పెడదాం అనిపిస్తుంది. అక్కడే ఆపెయ్యాలి. బిగించాక తాళం రెండు మూడు సార్లు ఆన్ చేసి, ప్రెషర్ కట్టించి, అన్ని జాయింట్లూ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. ఒక్క చుక్క కనిపించినా బండి కదిలించొద్దు. "కొంచెమే కదా, తర్వాత చూద్దాం" అనే మాట పెట్రోలు దగ్గర చెల్లదు. అప్పుడు ట్రక్కు పిలిచి తెలిసినవాళ్ళ దగ్గరికి పంపడంలో చిన్నతనం ఏమీ లేదు. నాయన అనేది అదే, ఆ మాటలో న్యాయముంది. ఈ పనిలోనే ఏళ్ళు గడిపిన మెకానిక్ చేతికి తెలిసినవి మనకి పుస్తకం చూస్తే రావు.

అయితే నాయనతో మేము ఏకీభవించనిది ఒకటుంది. "డబ్బు పోతే పోనీ" అనడం. పోయేది డబ్బు ఒకటే కాదు. రెండు సార్లు బండిని ట్రక్కెక్కించి పంపించాక నాయనే దాన్ని అమ్మేద్దామన్నాడు. అడిగినవాడు ఇస్తానన్నది పాత ఇనుము ధర. చిన్నాయన ఆ జల్లెడ తీసి, ట్యాంకు కడిగించి, పంపు బిగించి స్టార్ట్ చేసిన సాయంత్రం నాయన ఏమీ మాట్లాడలేదు. ముందు సీట్లో అవ్వని కూర్చోబెట్టుకోని విదురాశ్వత్థం దాకా పోయొచ్చాడు. బండి ఇంట్లో ఉంది గానీ అప్పటిదాకా మాకు దాని గురించి ఏమీ తెలీదని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు నెలకి రెండు సార్లయినా ఇరవై కిలోమీటర్లు నడుపుతున్నాం. నిలబెట్టి తుడుచుకుంటూ ఉంటే బండి బతకదు. పంపు మార్చడం కంటే పంపు చావకుండా చూడడం సులువు.

పిల్లలు చూశారు. పదేళ్ళ పాపకి ఇప్పుడు రిలే అంటే ఏమిటో తెలుసు, పెట్రోలు వాసన వస్తే పొయ్యి ఆర్పాలనీ తెలుసు. ఇవి బడిలో చెప్పరు. ఇంట్లో ఎవరైనా చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకోవాల్సినవి. మనం అన్నీ బయటికి పంపించేస్తే ఆ నిలబడే చోటు పిల్లలకి ఉండదు.

కాబట్టి అల్లుడూ, చెయ్యి. కానీ ముందు మల్టీమీటరు కొను, పంపు తర్వాత కొను. బండిని ఎండలోకి తొయ్యి. స్నేహితుణ్ణి ఒకణ్ణి పిలుచుకో. మూత విప్పేముందు ఒకసారి ఫోను చెయ్, విప్పాక ఫోను పక్కన పెట్టెయ్. వాసన ఎక్కువైతే లేచి బయటికి రా. అవ్వ ఉంటే నీకూ అదే చెప్పేది, కాకపోతే కొంచెం గట్టిగా.